ఉద్దానం ఆర్‌ఎంపీలకు, మందుల షాపుల వారికి మోకాలి నొప్పి గురించి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన గ్రామీణ వైద్యులకు, మందుల షాపులు నడుపుతున్న అన్నలకు, తమ్ముళ్ళకు నమస్కారం.

మోకాలి నొప్పికి మీరిచ్చే సూది పనిచేస్తుంది. కాగితంలో పొట్లం కట్టి ఇచ్చే మాత్రలూ పనిచేస్తాయి. నిన్న గోడ పట్టుకుని నడిచిన మనిషి ఇవాళ జీడితోటకి పోతోంది. మీ హస్తవాసి మంచిదని ఊరంతా చెప్పుకుంటోంది. అందులో అబద్ధం లేదు. నేను ఈ ఉత్తరం రాయడానికి కారణం కూడా అదే. ఆ మాత్రలు ఎందుకు పనిచేస్తున్నాయో ఒక్కసారి నిదానంగా ఆలోచిస్తే, వాటిని నెలల తరబడి ఎందుకు ఇవ్వకూడదో కూడా అక్కడే తెలిసిపోతుంది.

నేను ఫిజియోథెరపిస్టుని. పుట్టింది కవిటి మండలంలో, పనిచేసేది కాశీబుగ్గలో. సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు నుంచి నా దగ్గరకి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది మోకాళ్ళ నొప్పుల వాళ్ళే. జీడిపప్పు ఒలిచేవాళ్ళు, కొబ్బరి పీచు పని చేసేవాళ్ళు, చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగేవాళ్ళు, ఊడుపులకి వెళ్ళేవాళ్ళు. ముందు మీ దగ్గరకి వెళ్ళకుండా నేరుగా నా దగ్గరకి వచ్చినవాళ్ళు దాదాపు లేరు. అర్ధరాత్రి తలుపు తడితే లేచి వచ్చేది మీరే. 2018లో తిత్లీ తుపానుకి చెట్లు పడి దారులు మూసుకుపోయినప్పుడు మా ఊళ్ళో జ్వరానికి మాత్ర దొరికింది మీ దగ్గరే. అందుకే అధికారులకి రాసే ముందు మీకు రాస్తున్నాను.

మీ దగ్గరైనా, పట్నం ఆస్పత్రిలోనైనా మోకాలి నొప్పి మనిషికి చెప్పే మాట ఒకటే. "వయసైపోయిందమ్మా, గుజ్జు అరిగిపోయింది, ఇంక చేసేదేం లేదు, నొప్పి వచ్చినప్పుడు మాత్ర వేసుకో." అరుగుదల ఉన్న మాట నిజమే. కాని జబ్బంతా అరుగుదలే అనుకుంటే ఒక చిన్న ప్రశ్నకి జవాబు దొరకదు. మీ పొట్లంలోని స్టెరాయిడ్ అరిగిన గుజ్జుని తిరిగి పెంచదు. గరుకుదేరిన ఎముకని నున్నగా చెయ్యదు. అది చేసే ముఖ్యమైన పని ఒంట్లో రోగనిరోధక వ్యవస్థ ఉద్ధృతిని అణచడం. మరి అరుగుదల జబ్బుకి, రోగనిరోధక శక్తిని అణిచే మందు వేస్తే నొప్పి ఎందుకు తగ్గాలి?

తగ్గుతోందంటే ఆ కీలు లోపల రోగనిరోధక వ్యవస్థ రేగి ఉందన్నమాట. మీ పొట్లమే ఆ సంగతి రోజూ మనకి చెబుతోంది.

లోపల జరిగేది కొంచెం దగ్గరగా చూద్దాం. మోకాలి కీలు చుట్టూ లోపలి వైపు ఒక పల్చటి పొర ఉంటుంది. దాన్ని సైనోవియం అంటారు. కీలు సులువుగా కదలడానికి కావలసిన జిగట నీరు ఊరేది దాన్నుంచే. ఆ పొరలో మాక్రోఫేజ్ అనే కణాలు కాపలా ఉంటాయి. సూక్ష్మజీవి వచ్చినా, చచ్చిన కణం కనపడినా మింగి శుభ్రం చెయ్యడం వాటి పని. పాత దెబ్బ వల్ల కావచ్చు, ఏళ్ళ తరబడి గొంతుక్కూర్చుని చేసిన పని వల్ల కావచ్చు, పుట్టుకతో వచ్చిన తీరు వల్ల కావచ్చు, గుజ్జు దెబ్బతిన్నప్పుడు దాని తునకలు ఆ నీటిలోకి రాలతాయి. అవి మన ఒంటి తునకలే. అయినా కాపలా కణాలు వాటిని ప్రమాదం కిందే లెక్కవేస్తాయి. సూక్ష్మజీవుల్ని పసిగట్టే టోల్-లైక్ రిసెప్టర్లు అనే గ్రాహకాలతోనే ఈ తునకల్నీ పసిగట్టి ఐఎల్-1, ఐఎల్-6, టీఎన్ఎఫ్ అనే రసాయనాలు వదులుతాయి. ఆ రసాయనాలు తగిలేసరికి గుజ్జులోని కణాలే ఎంఎంపీ-13, అడామ్‌టీఎస్-5 లాంటి ఎంజైములు తయారుచేసి, తాము కట్టిన గుజ్జుని తామే కోసేసుకుంటాయి. మళ్ళీ తునకలు రాలతాయి. మళ్ళీ కాపలా కణాలు రేగుతాయి. దెబ్బ ఎప్పుడో ఒకసారి తగిలి ఊరుకున్నా, ఈ తిరుగుడు మాత్రం ఏళ్ళ తరబడి సాగుతుంది.

ఇంకో సంగతి. గుజ్జుకి రక్తనాళాలు లేవు, నరాలూ లేవు. తనంతట తాను నొప్పి పుట్టించే శక్తి దానికి లేదు. నొప్పి తెలిసేది ఈ రేగిన పొరలో, చిప్ప కింద ఉన్న కొవ్వు మెత్తలో, గుజ్జు అడుగున ఉన్న ఎముకలో. ఎక్స్‌రేలో గ్రేడ్ నాలుగు, అంటే అరుగుదల చివరి మెట్టు అని రాసి ఉన్నా సంతకి నడిచి వెళ్ళొచ్చే ముసలమ్మల్ని మీరూ చూసే ఉంటారు. గ్రేడ్ రెండుకే రాత్రుళ్ళు నిద్ర లేక ఏడ్చే నలభై ఏళ్ళ మనిషినీ చూసే ఉంటారు. ఎక్స్‌రే ఎముకల మధ్య సందు చూపిస్తుంది. పొర ఎంత రేగిందో చూపించదు.

ఇది నా ఊహ కాదు. 2011లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు ఎలుకల మీద ఒక పరిశోధన చేశారు. రక్తంలో కాంప్లిమెంట్ అనే రక్షక ప్రొటీన్ల గుంపు ఉంటుంది. అందులో సీ5 అనే ప్రొటీన్ లేని ఎలుకల మోకాలిని దెబ్బతీసినా, మామూలు ఎలుకల్లో వచ్చినంత అరుగుదల వాటికి రాలేదు. దెబ్బ రెండింటికీ ఒకటే, తేడా రోగనిరోధక ప్రొటీనులోనే ఉంది. 2016లో ఇంకొందరు, మనుషుల ఒంట్లో రేగిన మాక్రోఫేజ్‌లకి మాత్రమే అంటుకునే ఒక పదార్థాన్ని ఎక్కించి స్కాన్ తీశారు. మనం అరుగుదల అనే ఈ జబ్బు, అంటే ఆస్టియో ఆర్థరైటిస్ ఉన్న 25 మందిని చూస్తే, దాదాపు నాలుగింట మూడు వంతుల మోకాళ్ళలో ఆ కణాలు రేగి ఉన్నాయి. ఆ కణాలు ఎంత ఎక్కువగా ఉంటే నొప్పీ అంత ఎక్కువగా ఉంది.

జీడిపప్పు ఒలిచే ఆడవాళ్ళ చేతులు గమనించండి. వేళ్ళ చివరి కణుపుల దగ్గర గట్టిగా ఉబ్బెత్తుగా ఉంటాయి. రోజంతా వేళ్ళతో చేసే పని వల్ల కొంత నిజమే. కాని ఒళ్ళు బరువుగా ఉన్నవాళ్ళకి వేళ్ళ కీళ్ళలో కూడా ఈ జబ్బు ఎక్కువగా వస్తుందని చాలా దేశాల్లో చూశారు. వేళ్ళ మీద ఎవరూ నడవరు కదా. బరువు మోయని కీలు ఎందుకు చెడుతోంది? పొట్ట దగ్గర పేరుకున్న కొవ్వు ఊరికే నిలవ ఉండదు. లెప్టిన్ లాంటి పదార్థాలని, ఐఎల్-6ని రక్తంలోకి వదులుతూనే ఉంటుంది. అవి ఏ కీలుకైనా చేరతాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. రోగనిరోధక వ్యవస్థ అనగానే దీన్ని రుమటాయిడ్ ఆర్థరైటిస్‌తో కలిపేయకూడదు. రుమటాయిడ్‌లో రోగనిరోధక వ్యవస్థ దారి తప్పి, ఏ దెబ్బా లేకుండానే తన కీళ్ళ మీద తానే దాడి చేస్తుంది. ఆస్టియో ఆర్థరైటిస్‌లో దాడి అంటూ ఉండదు. దాలిలో పిడక కాలినట్టు ఉంటుంది. మంట కనపడదు, సెగ మాత్రం ఆరదు. అందుకే రక్తపరీక్షల్లో రుమటాయిడ్‌ని సూచించే ఆర్‌ఏ ఫ్యాక్టర్ సాధారణంగా ఉండదు, ఒంట్లో వాపుని చూపే ఈఎస్ఆర్ మామూలుగానే ఉంటుంది, "ఏమీ లేదమ్మా" అని పంపేస్తారు. గుర్తుపట్టడానికి పెద్ద చదువు అక్కర్లేదు. పొద్దున్న లేవగానే కీళ్ళు పట్టేసి అరగంట లోపు సర్దుకుంటే అది ఎక్కువగా ఆస్టియో. గంట దాటినా పిడికిలి బిగించలేకపోతే, రెండు చేతుల చిన్న కీళ్ళూ ఒకేలా వాచి ఉంటే రుమటాయిడ్ అని అనుమానించి వెంటనే పెద్ద డాక్టరు దగ్గరకి పంపించండి. ఆ జబ్బులో మొదటి నెలలు చాలా విలువైనవి. మీ పొట్లంతో నొప్పి అణిగి ఆ నెలలు గడిచిపోతే వేళ్ళు వంకర్లు పోయాక వస్తారు. అలా వచ్చిన పాతికేళ్ళ పిల్లల్ని చూశాను. ఆ బాధ నన్ను ఇప్పటికీ వదల్లేదు.

మరి రోగనిరోధక వ్యవస్థే రేగి ఉంటే దాన్ని అణిచే మందు ఇస్తూ పోతే తప్పేముందని మీరు అడగవచ్చు. సరైన ప్రశ్నే. ప్రపంచంలో పెద్ద పెద్ద పరిశోధకులు కూడా ఇదే అడిగి, మందులు ఒక్కొక్కటిగా పరీక్షించి చూశారు. రుమటాయిడ్‌కి వాడే హైడ్రాక్సీక్లోరోక్విన్‌ని వేళ్ళ ఆస్టియో నొప్పికి ఏడాది పాటు ఇచ్చి చూస్తే ఉత్తుత్తి మాత్రకీ దానికీ తేడా లేదని 2018లో తేలింది. రుమటాయిడ్‌లో అద్భుతంగా పనిచేసే టీఎన్ఎఫ్ నిరోధకాలు వేళ్ళ కీళ్ళలో పెద్దగా ఫలితం ఇవ్వలేదు. ఐఎల్-1ని అడ్డుకునే అనకిన్రా మందుని నేరుగా మోకాలిలోకే ఎక్కించారు, అదీ అంతే.

మీ పొట్లానికి దగ్గరగా ఉన్న పరిశోధన ఒకటి ఉంది. నెదర్లాండ్స్‌లో వేళ్ళ కీళ్ళు వాచి ఉన్న 92 మందిలో సగం మందికి రోజుకి 10 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ ఆరు వారాలు ఇచ్చారు. 2019లో ఫలితం వచ్చింది. నొప్పి బాగా తగ్గింది. తర్వాత మందు మెల్లగా తగ్గించి ఆపేశారు. ఆపిన కొద్ది వారాలకే మందు వేసుకున్నవాళ్ళూ, వేసుకోనివాళ్ళూ ఒకేలా ఉన్నారు. మీరు ఊళ్ళో రోజూ చూసేది సరిగ్గా ఇదే. మాత్ర ఉన్నన్నాళ్ళు బాగుంటుంది, ఆగితే మళ్ళీ మొదటికి వస్తుంది. రోగి మళ్ళీ మీ గుమ్మంలో నిలబడుతుంది. మోకాలిలోకి నేరుగా వేసే స్టెరాయిడ్ సూది సంగతీ చెబుతాను. డాక్టర్లు అవసరాన్ని బట్టి ఎప్పుడైనా ఒకసారి వేస్తారు, కొన్ని వారాలు ఉపశమనం ఉంటుంది. అయితే మూడు నెలలకి ఒకటి చొప్పున రెండేళ్ళు వేసి చూసిన పరిశోధన 2017లో వచ్చింది. నొప్పిలో ఉప్పునీటి సూదికీ దానికీ తేడా లేదు, పైగా స్టెరాయిడ్ వేసిన మోకాళ్ళలో గుజ్జు ఎక్కువగా తగ్గింది.

కొన్ని ఆశలూ ఉన్నాయి, దాచను. ఆస్ట్రేలియాలో కీళ్ళ పొర వాచి ఉన్నవాళ్ళకి, రుమటాయిడ్‌కి వాడే మెథోట్రెక్సేట్ ఆరు నెలలు ఇస్తే వేళ్ళ నొప్పి ఓ మాదిరిగా తగ్గిందని 2023లో తేలింది. గుండెపోటు వచ్చిన పదివేల మందికి పైగా మీద కనకినుమాబ్ అనే ఐఎల్-1 నిరోధకాన్ని గుండె కోసం పరీక్షించారు. తర్వాత లెక్కలు తిరగేసి చూస్తే, ఆ మందు పడినవాళ్ళలో మోకాలు, తుంటి మార్పిడి ఆపరేషన్లు దాదాపు 40 శాతం తక్కువగా జరిగాయి. అదే మందుతో ప్రాణం తీసే ఇన్‌ఫెక్షన్లు కూడా పెరిగాయి. రోగనిరోధక వ్యవస్థని అణచడమంటే తమాషా కాదు. గౌట్‌కి వాడే కోల్చిసిన్ విషయంలోనూ గుండె రోగుల లెక్కల్లో ఆశ కనిపించింది, నేరుగా కీళ్ళ మీద పరీక్షిస్తే నిలవలేదు.

ఇవన్నీ రాస్తుంటే నాకొక టెన్షన్ ఉంది. ఈ ఉత్తరం చదివి రేపు ఎవరైనా మోకాలి నొప్పికి మెథోట్రెక్సేట్, కోల్చిసిన్ పొట్లం కట్టేస్తారేమో అని. దయచేసి ఆ పని చెయ్యొద్దు. ఆ రెండూ కిడ్నీ బలహీనంగా ఉన్న ఒంట్లో పేరుకుపోయి విషమవుతాయి. మెథోట్రెక్సేట్ వారానికి ఒకసారి వేసుకునే మందు. పొరపాటున రోజూ వేసుకుని ప్రాణాల మీదకి తెచ్చుకున్నవాళ్ళు ఎందరో. మనం ఉన్నది ఉద్దానంలో.

ఇప్పుడు అసలు భయానికి వస్తున్నాను.

కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్. ఆ మాట తెలియని గడప ఉద్దానంలో లేదు. ఇచ్ఛాపురం నుంచి పలాస దాకా, ఆడపడుచులు, మేనమామలు, పక్కింటివాళ్ళు, ఎవరో ఒకరు డయాలసిస్ మీద ఉన్నవాళ్ళే. హిరమండలం జలాశయం నుంచి తాగునీళ్ళు వచ్చాయి, పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. ఈ కిడ్నీ జబ్బుకి అసలు కారణం మాత్రం ఇంకా తేలలేదు. ఆ కారణం నొప్పి మాత్రలేనని నేను అనడం లేదు. అలా అనే హక్కు నాకు లేదు. కాని ఇప్పటికే సగం అలసిన కిడ్నీ మీద నొప్పి మాత్ర ఏం చేస్తుందో అందరికీ తెలిసిన శాస్త్రమే.

డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ జాతి మందులన్నీ ఒంట్లో ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు తయారవకుండా ఆపుతాయి. ఆస్పిరిన్ మీద ఈ రహస్యాన్ని 1971లో విప్పిన జాన్ వేన్‌కి 1982లో నోబెల్ బహుమతి వచ్చింది. రేగిన కీలులో నొప్పినీ వాపునీ పెంచేవి ఈ ప్రోస్టాగ్లాండిన్లే, కాబట్టి అవి ఆగితే నొప్పి తగ్గుతుంది. అయితే కిడ్నీలోకి రక్తం తీసుకెళ్ళే సన్నటి నాళాన్ని తెరిచి ఉంచేది కూడా అవే. ఒంట్లో నీళ్ళు పుష్కలంగా ఉన్న కుర్రాడికి ఒక మాత్రతో ఏ తేడా తెలియదు. ఏప్రిల్ ఎండలో జీడిపిక్కలు ఏరుతూ, ఒళ్ళంతా చెమటై, మధ్యాహ్నం దాకా చెంబుడు నీళ్ళతో గడిపిన మనిషి సంగతి వేరు. ఆమె కిడ్నీకి రక్తం అందుతోందంటే ఆ ప్రోస్టాగ్లాండిన్ల ఆసరాతోనే. సాయంత్రం మీ షాపులో కొన్న మాత్ర ఆ ఆసరాని తీసేస్తుంది. బీపీ మాత్ర, ఒంటి నీరు లాగే మాత్ర కూడా వాడుతుంటే కిడ్నీకి మూడు దెబ్బలు ఒకేసారి పడినట్టే.

కంచిలి వైపు నుంచి ఒకావిడ వచ్చింది. జీడి ఫ్యాక్టరీలో పని. కొంగుముడి విప్పి పొట్లం చూపించింది. పాత నోటుపుస్తకం కాగితం, లోపల నాలుగు విడి మాత్రలు. నారింజ రంగుది ఒకటి, పొడుగాటి తెల్లది ఒకటి, గ్యాసుకి ఒకటి, మధ్యలో గీత ఉన్న చిన్న తెల్లటి బిళ్ళ ఒకటి. పేరు లేదు, మోతాదు లేదు, తేదీ లేదు. "ఆ సిన్న బిళ్ళ ఉంటేనే పన్జేస్తాది బాబూ, అది లేకపోతే ఒళ్ళంతా ఇరిసేసినట్టుంటాది" అంది. మొహం గుండ్రంగా ఉబ్బి ఉంది. ముంజేతుల మీద చర్మం కాగితంలా పల్చబడి, ఊరికే గీసుకున్న చోటల్లా కమిలిన మచ్చలు. బీపీ ఎక్కువ. రక్తం పరీక్ష చేయిస్తే క్రియాటినిన్ 2 దాటింది, షుగరు కూడా బయటపడింది. ఏడాదిగా వాడుతోందట. ఎవరిచ్చారని నేను అడగలేదు, అడగదలుచుకోలేదు. ఒకరి పేరు తెలిసి నాకు ఒరిగేదేమీ లేదు. అలాంటి పొట్లాలు ఒక్క చోట కట్టేవి కావని మీకూ తెలుసు, నాకూ తెలుసు.

ఆ చిన్న బిళ్ళే స్టెరాయిడ్. అది లేకపోతే ఒళ్ళు విరిచేసినట్టు ఉండటానికి కారణం ఉంది. బయటి నుంచి స్టెరాయిడ్ వారాల తరబడి అందుతుంటే, ఒంటికి కావలసిన స్టెరాయిడ్‌ని తయారుచేసే, కిడ్నీల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు తమ పని మానేస్తాయి. అప్పుడు మాత్ర హఠాత్తుగా ఆగిపోతే బీపీ పడిపోయి, వాంతులై, ప్రాణం మీదకి రావచ్చు. ఎముకలు గుల్లబారతాయి. లోపల నిద్రపోతున్న క్షయ మేలుకుంటుంది. మోకాలి కోసం మొదలుపెట్టిన మందు మోకాలు తప్ప మిగతా ఒళ్ళంతా చెడగొడుతుంది.

కరోనా తర్వాత మన షాపుల్లోకి ఇంకొకటి వచ్చింది. ఇమ్యూనిటీ పొడులు, ఇమ్యూనిటీ టానిక్కులు. "ఇమ్యూనిటీ తగ్గింది, అందుకే కీళ్ళ నొప్పులు" అని చెప్పి డబ్బా అంటగడుతున్నారు. పైన చెప్పిందంతా ఒకసారి గుర్తు చేసుకోండి. ఈ కీలులో రోగనిరోధక వ్యవస్థ తగ్గి లేదు, అక్కర్లేనంతగా మేలుకుని ఉంది. దాన్ని ఇంకా పెంచుతామని అమ్మే డబ్బాకి ఆ మనిషి వారం కూలి పోతోంది. అందులో ఏయే మూలికలు, ఏయే లోహాలు ఉన్నాయో రాసి ఉండని పొడులైతే కిడ్నీ జబ్బు ఉన్న ఇంటికి అసలే వద్దు.

ఇక ఏం చెయ్యమంటావని అడిగితే, నేను అడిగేవి చిన్నవే.

ముందు మోకాలి మీద చెయ్యి పెట్టి చూడండి. మనం చాలామందిమి నొప్పి అనగానే చీటీ కోసం చెయ్యి చాపుతాం. రోగిని కాళ్ళు చాపి పడుకోబెట్టి, మీ చేతి వెనక భాగంతో తొడ, మోకాలు, పిక్క వరసగా తాకండి. మామూలుగా చిప్ప తొడకన్నా ఒక పిసరు చల్లగా ఉంటుంది. తొడకన్నా వెచ్చగా ఉందంటే లోపల పొర రేగి ఉంది. తర్వాత చిప్పకి లోపలి పక్కన ఉన్న గుంటని కింద నుంచి పైకి నిమరండి, వెంటనే బయటి పక్కన పై నుంచి కిందకి నిమరండి. లోపలి గుంట మెల్లగా మళ్ళీ ఉబ్బితే నీరు చేరినట్టు. ఈ రెండూ చూడటానికి ఒక నిమిషం చాలు. రాత్రికి రాత్రి ఎర్రగా, కాలిపోతున్నంత వేడిగా వాచి, జ్వరం ఉండి, కాలు కింద పెట్టలేకపోతే అది కీలులో చీము కావచ్చు. అలాంటి మోకాలికి స్టెరాయిడ్ సూది వేస్తే కీలే పోతుంది, ఒక్కోసారి మనిషే పోతారు. అదే రోజు శ్రీకాకుళం పెద్దాస్పత్రికి పంపండి.

రెండోది, ఏ నొప్పి మాత్ర ఇచ్చే ముందైనా "క్రియాటినిన్ ఎప్పుడు చేయించావమ్మా, ఎంతుంది?" అని అడగండి. బీపీ చూడండి. తెలియదంటే ముందు పరీక్షకి పంపండి. మాత్ర ఒక్కరోజు ఆలస్యమైతే ఎవరూ చావరు.

మూడోది, మోకాలికి మాత్ర కన్నా ముందు పైపూత జెల్. డైక్లోఫెనాక్ జెల్ రాస్తే రక్తంలోకి చేరేది మాత్రతో పోలిస్తే చాలా తక్కువ. బ్రిటన్‌లో డాక్టర్లకి దారి చూపే నైస్ సంస్థ 2022 సూచనల్లో కూడా మోకాలికి మొదట ఇవ్వమన్నది జెల్‌నే. కిడ్నీ జబ్బు బయటపడ్డవాళ్ళు అది కూడా తమ డాక్టరుని అడిగే వాడాలి.

నాలుగోది నా పని, అయినా మీరు చెబితేనే వింటారు. వ్యాయామం అనగానే "రోజంతా ఒళ్ళు వంచి పనిచేసేవాళ్ళకి ఇంక వ్యాయామం ఎందుకు బాబూ" అంటారు. చేసే పని వేరు, కీలుకి కావలసిన కదలిక వేరు. గంటల తరబడి కదలకుండా గొంతుక్కూర్చుంటే తొడ కండ చచ్చుబడుతుంది. బలం లేని తొడ మోకాలిని కాపాడలేదు. పైగా కండ కదిలినప్పుడు రేగిన పొర కూడా చల్లబడుతుంది. కోపెన్‌హాగన్‌లో మోకాలి ఆస్టియో ఉన్న ఆడవాళ్ళ చేత వ్యాయామం చేయించి, ముందూ తర్వాతా కీలులోని ద్రవాన్ని పరీక్షించారు. మంటని చల్లార్చే ఐఎల్-10 అనే రసాయనం వ్యాయామం తర్వాత కీలు లోపలే పెరిగిందని 2010లో ప్రచురించారు. స్టెరాయిడ్‌తో మనం వెతుకుతున్నది కూడా అదే చల్లదనం. అమెరికాలో 454 మంది మీద ఏడాదిన్నర నడిచిన పరిశోధనలో, తిండి అదుపు చేసుకుని వ్యాయామమూ చేసినవాళ్ళకి నొప్పి అందరికన్నా ఎక్కువ తగ్గింది, రక్తంలో ఐఎల్-6 కూడా తగ్గింది.

బరువు తగ్గమని చెప్పడం మాత్రం మనిషిని చూసి చెప్పండి. పలాస బజారులో షాపులో కూర్చునే ఆవిడకి ఆ మాట సరిపోతుంది. బరువు ఎక్కువ ఉన్నవాళ్ళకి బరువు తగ్గించే సెమాగ్లూటైడ్ మందు ఇచ్చి మోకాలి నొప్పి బాగా తగ్గించిన పరిశోధన 2024లో వచ్చింది కూడా. కాని తట్ట మోసే మన ఆడవాళ్ళలో చాలామందికి తగ్గించుకోడానికి ఒంటి మీద కండే లేదు. వాళ్ళకి కావలసింది గుడ్డూ పప్పూ, తొడకి బలం.

చేయించేది ఇంతే. ప్లాస్టిక్ కుర్చీ గోడకి ఆనించి వెయ్యండి. చేతులు కట్టుకుని లేచి నిలబడి, మెల్లగా కూర్చోమనండి. కూర్చునేటప్పుడు ధబ్బున పడకూడదు, అక్కడే తొడకి పని. చేతులు ఆనించకుండా రాకపోతే మొదట ఆనించుకోమనండి. పదిసార్లు, పొద్దున్నా సాయంత్రం. కుర్చీలోనే కూర్చుని కాలు ముందుకి నిటారుగా చాపి అయిదు లెక్కపెట్టేదాకా ఆపడం ఇంకోటి. మొదటి రెండు వారాలు నొప్పి ఒక మెట్టు పెరిగినట్టుంటుంది. ఈ మాట ముందే చెప్పకపోతే మూడో రోజుకి మానేసి మళ్ళీ పొట్లానికి వస్తారు. తేడా తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. జీడి ఒలిచేచోట నేల మీద కాకుండా ఎత్తుపీట, ఇంట్లో కాళ్ళు మడవనక్కర్లేని మరుగుదొడ్డి స్టాండు ఉంటే సగం బాధ పోతుంది.

మీ బతుకుతెరువు సంగతి నాకు తెలియక కాదు. సూది వెయ్యకపోతే ఆ మనిషి పక్కవీధిలో ఇంకొకరి దగ్గరకి పోతుంది. అందుకే ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పకుండా అందరికీ కలిపి రాస్తున్నాను. ఊళ్ళో అందరూ ఒకేసారి మానేస్తే ఎవరి గిరాకీ ఎవరికీ పోదు. స్టెరాయిడ్లు, డైక్లోఫెనాక్ మాత్రలు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని చట్టం ఉన్న సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. దాన్ని బెదిరింపుగా రాయడం లేదు. తనిఖీకి భయపడి దాచిన పొట్లం ఇంకో చోట ఇంకో పేరుతో బయటికొస్తుంది. ఎందుకు ఇవ్వకూడదో తెలిసి మానేసింది తిరిగి రాదు.

ఈ ఉత్తరం జిల్లా వైద్య ఆరోగ్య శాఖ వారి కంటపడితే వారికీ ఒక విన్నపం. ఉద్దానంలో ప్రతి సామాజిక ఆరోగ్య కేంద్రానికీ వారంలో కొన్ని రోజులైనా ఒక ఫిజియోథెరపిస్టుని పంపండి. కిడ్నీ పరీక్ష ఫలితం మందుల షాపులో చూపించగలిగేలా ఒక చిన్న కార్డు మీద రాసి రోగి చేతికివ్వండి. గ్రామీణ వైద్యుల్ని పిలిచి మోకాలు ఎలా తాకి చూడాలో నేర్పండి. దారి చెప్పకుండా వాళ్ళని మానెయ్యమంటే రోగులు ఎటు పోతారు?

చివరిగా అన్నిటికన్నా ముఖ్యమైనది. ఇప్పటికే నెలల తరబడి ఆ చిన్న బిళ్ళ వాడుతున్నవాళ్ళు మీ లెక్కలో ఉంటారు. ఈ ఉత్తరం చదివి రేపటి నుంచి హఠాత్తుగా ఆపెయ్యకండి. పొట్లంలో ఏం మాత్ర ఉందో, ఎన్నాళ్ళుగా ఇస్తున్నారో ఒక కాగితం మీద స్పష్టంగా రాసి, ఆ కాగితంతో వాళ్ళని పలాస ఆస్పత్రికో, శ్రీకాకుళం పెద్దాస్పత్రికో పంపండి. మందు ఎలా తగ్గించాలో అక్కడి డాక్టర్లు చెబుతారు. ఆ కాగితం మీద మీ పేరు రాయడానికి భయమైతే రాయకండి. మందు పేరు, మోతాదు మాత్రం తప్పకుండా రాయండి. మీ ఊళ్ళో పదిమందిని ఒకచోట కూర్చోబెట్టగలిగితే ఏ ఆదివారమైనా వస్తాను, కుర్చీ మీరు వెయ్యండి.

ఇట్లు,
కాశీబుగ్గలో పనిచేస్తున్న ఒక ఫిజియోథెరపిస్టు